కమాంగి గిన్నె

పన్సుల్ ముసలాయనకి లోకంలో ఉన్నది ఒకటే బెంగ. తన నల్లకుక్క కమాంగి తాగే నీళ్లు గడ్డ కట్టకూడదు. కొంప అంటుకుందని చెప్పినా "అయితే ఆ సెగకి గిన్నె కాస్త దగ్గరగా పెట్టండి" అనే రకం.

గంగ్వన్ కొండల్లో జనవరి చలికి గుమ్మంలో విడిచిన చెప్పులు కూడా నేలకి అతుక్కుపోతాయి. ఆయన ఊరుకుంటాడా? పాత కిమ్చి పచ్చడి జాడీలో వరిగడ్డి కుక్కి, అందులో గిన్నె దింపి, వేడినీళ్లు పోస్తాడు. ఉప్పునీళ్లు త్వరగా గడ్డ కట్టవని, అవి నింపిన చిన్న సీసా ఒకటి పైన తేలేలా వేస్తాడు. గంటకోసారి వేలు ముంచి చూస్తాడు.

పక్కింటి ఓక్నిమ్‌కి ఈ గోల పట్టించుకునే తీరిక లేదు. కూతురు సెబోమ్ టీచరు పరీక్ష మూడోసారి రాసింది. ఈసారీ పోతే ఇక చదువు ముఖం చూడనంది. అందుకని ఓక్నిమ్ రోజూ తెల్లారకముందే పెరట్లో, సోయా ఊరబెట్టే జాడీల అరుగు మీద గిన్నెడు మంచినీళ్లు పెట్టి కొండకి మొక్కుతోంది. అన్నం ఉడికేలోపు ఆ నీళ్లు గడ్డ కడితే మొక్కు చేరనట్టేనని అత్తగారు చెప్పిపోయింది. మొదటి మూడు రోజులూ గడ్డ కట్టాయి. ఓక్నిమ్ జాడీల మధ్యే కూలబడి బావురుమంది.

నాలుగో రోజు చూస్తే గడ్డ లేదు సరికదా, ఆవిరి!

"బాబాయ్! మా గిన్నెలోంచి పొగలొస్తున్నాయి!" అని గోడ మీంచి అరిచింది.

"గడ్డ కట్టలేదుగా?" అన్నాడు పన్సుల్.

"లేదు! మహిమంటావా?"

"గడ్డ కట్టలేదుగా. ఇంకేం కావాలమ్మాయ్?"

మర్నాడూ ఆవిరే. ఓ రోజు నీళ్లలో నల్ల వెంట్రుక తేలింది. కొండదేవుడి గడ్డం తెల్లగా కదా ఉండాలి? ఓక్నిమ్‌కి బుర్ర తిరిగిపోయింది. అయినా దాన్ని కాగితంలో మడిచి భద్రంగా దాచుకుంది.

ఫలితాల రోజు పొద్దున్న, అన్నం పొయ్యి మీద పెట్టి ఆగలేక ముందే బయటికొచ్చింది. కమాంగి అరుగు మీద ముందుకాళ్లు మోపి మొక్కుగిన్నెలో గతుకుతోంది. పక్కనే పన్సుల్, కోటు కింద ఇంకో గిన్నెతో. ఊరిపెద్ద అరవయ్యో పుట్టినరోజుకి ఇంటింటికీ పంచిన గిన్నెలవి, రెండూ ఒకటే రకం.

"బాబాయ్! దేవుడి గిన్నెలో కుక్కా?"

"దాని తప్పేముందమ్మా? అది దాని గిన్నే."

"మరి నాదేది?"

ఆయన కోటు కిందనుంచి తీశాడు. రాయిలా గడ్డ కట్టింది.

"అంటే ఇన్నాళ్లూ నేను దండం పెట్టింది..."

"కమాంగి నీళ్లకి," అన్నాడు తల వంచుకుని. "నువ్వు లోపలికెళ్లగానే మార్చేవాణ్ని. ఆ మూడు రోజులూ నువ్వేడుస్తుంటే ఇది కూడు ముట్టలేదమ్మా. కుక్క ప్రాణం, తట్టుకోలేకపోయింది."

తిట్టాలో దండం పెట్టాలో ఓక్నిమ్‌కి తెలియలేదు. లోపల అన్నం మాడిపోయింది.

మధ్యాహ్నం సెబోమ్ ఫోన్ చేసింది. "అమ్మా, పాసయ్యానే!"

ఓక్నిమ్ ఏడుస్తూ నవ్వుతూ పెరట్లోకి పరిగెత్తింది. కొండవైపు వంగి దండం పెట్టింది. లేచి ఒక్క క్షణం తికమకపడింది. ఎందుకైనా మంచిదని కుక్కగూటివైపు తిరిగి ఇంకా కిందికి వంగి ఇంకో దండం పెట్టింది.