నీళ్ల డ్రమ్ముకు బొక్కలు

నేను చెప్పబోయేది ఒక మహా సంగ్రామం. తండ్రిని ఎదిరించిన కొడుకు, నీళ్ల కోసం కటకట, ఉగాది దాకా గడువు, అన్నీ ఉన్నాయి. నిజానికి అంత లేదు. మా మిద్దె మీద ఇనుప స్టాండుకు అడ్డంగా, తిరిగేలా బిగించిన ఒక నీలం డ్రమ్ము ఉంది. వంటింటి చెత్త, పెరట్లో రాలిన ఆకులు అందులో వేసి రోజూ నాలుగు చుట్లు తిప్పితే ఎరువవుతుంది. అంతే.

గొడవ చెత్తతో రాలేదు, డ్రమ్ముతో వచ్చింది. అనంతపురంలో డ్రమ్మంటే నీళ్లు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని మా వీధిలో, గాలి ఆడాలని నేను ఒక కొత్త డ్రమ్ముకు చుట్టూ బొక్కలు కొట్టాను. నాయన మిద్దె ఎక్కి వచ్చి ప్రతి బొక్కలోనూ వేలు పెట్టి చూశాడు. హత్య జరిగిన చోట పోలీసులు కూడా అంత శ్రద్ధ పెట్టరు.

"ఏమిరా, నీళ్లు పట్టే డ్రమ్ముకు బొక్కలు కొట్టినావా? తలకాయ ఉండాదా నీకు?"

"ఉండాది నాయనా. బొక్కలు దానికి కొట్టలేదు."

"ఉగాది లోపల ఇది మన్ను కాకుంటే బొక్కలన్నీ పూడ్పించి నీళ్లు పడతా. చెప్తాండా, ఇను."

"అయితాది. డ్రమ్ము మాత్రం ఈడి నుంచి కదలదు."

కంపు కొడుతుందని వీధంతా ఎదురుచూసింది. కొట్టలేదు. కుళ్లితే కదా కొట్టడానికి! మా ఇంట్లో అరటి తొక్క నుంచి బియ్యం కడిగిన నీళ్ల దాకా అన్నీ పక్కింటి అవ్వ గేదెకు కుడితిగా పోతాయి. పొద్దున్నే ఆమె బకెట్టుతో వస్తుంది, అమ్మ వంచుతుంది. నా వంతుకు మిగిలింది వేరుశనగ పొట్టు, ఎండిన వేపాకు. నెల రోజులు తిప్పాను. గలగలమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఎదురింటాయన రోజూ అరిచేవాడు: "ఏమప్పా, లాటరీ ఇంకా తీయలేదా?"

చివరికి అవ్వే మెట్లెక్కి వచ్చి లోపల చెయ్యి పెట్టింది.

"ఎరువు చేస్తాండావా, వడియాలు ఎండబెడతాండావా? చెమ్మ ల్యాకుండా యాడ కుళ్తాదప్పా?"

చెత్తకు నీళ్లు కావాలని మా ఇంట్లో అడిగే మొహం నాకు కూడా లేదు. అందుకని నా స్నానం బకెట్టులోంచి, సబ్బు ముట్టుకోకముందే, రోజూ రెండు చెంబులు పైకి మోశాను. అమ్మ పట్టుకుంది.

"మనుషులకే దిక్కు ల్యాకుంటే చెత్తకు పోస్తావా?"

"నా వంతు బకెట్టమ్మా. పోసుకుంటానో, పోస్తానో నా ఇష్టం."

"ఇంక వాసనొచ్చేది డ్రమ్ము కాదు, వీడే," అన్నాడు నాయన.

అవ్వ రెండు గంపల పేడ ఇచ్చింది, తన గేదె తొక్కల జోలికి రాకూడదన్న షరతు మీద. పది రోజులకు డ్రమ్ములో చెయ్యి పెడితే కాలింది, కుళ్లడం మొదలైందన్నమాట. పరిగెత్తుకుంటూ కిందికి దిగి చెప్పాను. "జ్వరమేమో, మాత్ర ఎయ్," అంది అమ్మ.

ఉగాది పొద్దున నాయన కొత్త పంచెతోనే మిద్దె ఎక్కాడు. డ్రమ్ములోకి మోచేతి దాకా చెయ్యి దించి పిడికెడు తీశాడు. నల్లగా, పొడిపొడిగా ఉంది. వాసన చూశాడు. ఇరవై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి, మట్టి విషయంలో అబద్ధం చెప్పలేడు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"పొట్టు ఇంకా కనపడతాండాది."

"మిగతాది?"

నాయన చెయ్యి నా కొత్త చొక్కాకు తుడుచుకున్నాడు. "ఉండనీలే," అని దిగిపోయాడు. నేను ఓడిపోతే చెప్పాలని నెల రోజులుగా తయారు చేసుకున్న ప్రసంగం అలాగే మిగిలిపోయింది.

మరుసటి రోజు నాయన మార్కెట్టు నుంచి రెండు గోతాల క్యాబేజీ ఆకులు తెచ్చి, నేను నోరు తెరిచేలోపే డ్రమ్ము నిండా కుక్కేశాడు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని తిప్పబోయాం. కదల్లేదు.

ముప్పావు వంతుకు మించి నింపితే డ్రమ్ము తిరగదు.