చల్లనీళ్ల గీజర్

మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉన్న నాకు అల్ సద్ క్లినిక్‌లో డాక్టరు చెప్పిన వైద్యం వినండి: వేణ్ణీళ్ల స్నానం వద్దు, చెమట పట్టనివ్వొద్దు, తడి పూర్తిగా ఆరకముందే క్రీము రాయాలి. చెమట పట్టనివ్వొద్దట! జులైలో, దోహాలో, ఇంటి డ్రైవరుకి! ఏసీ గదిలో కూర్చున్నవాడు ఎన్నయినా చెబుతాడు. ఇక్కడ ఎండాకాలం మేడమీది ట్యాంకు కాగిపోయి, చన్నీళ్ల కుళాయి తిప్పితే టీ కాచుకోవచ్చు.

అందుకే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని మా గదిలో మే నెల రాగానే గీజర్ స్విచ్ కట్టేసేవాణ్ణి. ఏసీ చలవకి నీళ్లు గీజర్లోనే చల్లారేవి. వేణ్ణీళ్ల కుళాయి తిప్పి చల్లగా స్నానం చేసి, క్రీము రాసుకునేవాణ్ణి. రెండు వేసవులు దురద నోరెత్తలేదు.

మూడో వేసవిలో జగిత్యాల నుంచి ఒక మహానుభావుడు మా గదిలో దిగాడు. వారం తిరక్కుండానే నా చేతులు ఎర్రగా పొంగి రసి కారాయి. నీళ్లు కాలుతుంటే, ఈసారి ఎండ గీజర్‌ని కూడా వదల్లేదనుకున్నాను. నా తెలివీ తక్కువదేం కాదు.

ఆయన జాలిగా చూశాడు. "వంకాయ బంద్ జెయ్యన్నా. దురద దాంతోనే లేస్తది."

సిగ్గులేకుండా పది రోజులు వంకాయ మానేశాను. ఆ తరవాత ఒక పొద్దున నా కళ్లముందే ఆయన గీజర్ స్విచ్ వేశాడు. నేను నోరు తెరిచేలోపే నవ్వాడు.

"నువ్వు మర్షిపోతున్నవన్నా. నీ స్నానానికి దినాం నేనే ఏస్తున్న."