తిరుత్తణికే తిరిగొచ్చిన కాల్స్

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను తిరుత్తణి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి జూనియర్ ఇంజినీరుగా వేశారు. ఆ ఉద్యోగంలో ఇప్పుడు లేను. అక్కడ పనంతా దారుల పట్టిక మీద నడిచేది. ఊరు దాటే ప్రతి కాల్‌కూ అందులో ఒక మొదటి దారి ఉంటుంది. అది తెగినా, నిండినా వెళ్లడానికి రెండో దారి ఉంటుంది. తిరువళ్లూరుకు మా మొదటి దారి నేరుగా వెళ్లే కేబుల్. రెండోది అరక్కోణం మీదుగా. పట్టికలో ఏది మార్చాలన్నా తిరువళ్లూరులో ఉండే డివిజనల్ ఇంజినీరు అనుమతి కావాలి.

ఒక ఉదయం రోడ్డు వెడల్పు చేస్తున్న పొక్లెయిన్ ఆ కేబుల్‌ను తెంపింది. సెల్ టవర్లదీ అదే కేబుల్ కనుక అవీ పోయాయి. మా కాల్స్ వాటంతట అవే అరక్కోణానికి మళ్లాయి. కాసేపటికి ఆ దారీ నిండిపోయింది.

ఎదురుగా టిఫిన్ బండి నడిపే కమలక్క పరుగున వచ్చింది. ఆమె కూతురు కాన్పుకు తిరువళ్లూరు ఆసుపత్రిలో ఉంది, రక్తం కావాలి. అదే గ్రూపున్న కమలక్క తమ్ముడు మునిసామి బయట మోటార్‌సైకిల్ మీద సిద్ధంగా ఉన్నాడు. కానీ డాక్టర్లు వేలూరుకు పంపేట్టున్నారని అల్లుడు చెబుతుండగానే ఫోన్ తెగింది. మాకు తిరువళ్లూరు తూర్పున, వేలూరు పడమరన.

“యాడికి పోవాలక్కా? చెప్పు తొందరగా!” అని మునిసామి బయటినుంచి కేకలు.

“నన్నడిగితే? ఈయన్నడుగు. ఇన్ని డబ్బాలు పెట్టుకోనుండాడు, ఒక్కదాంట్లోనూ నా అల్లుడు పలకడంలేదు!”

తెర మీద అరక్కోణం సర్క్యూట్లు, అంటే ఒక్కో కాల్ పట్టుకునే లైన్లు, అన్నీ నిండుగా ఉన్నాయి. మాట్లాడుకుంటున్నవాళ్లు మాత్రం దాదాపు ఎవరూ లేరు. సిబ్బంది మాట్లాడుకోవడానికి విడిగా ఉండే సర్వీసు లైనులో అరక్కోణం ఇంజినీరు సెల్వాన్ని పిలిచాను. ఆయనది ఊత్తుకోట, తెలుగువాడే.

“తిరువళ్లూరుకు మా నేరుదారి పొద్దున్నే నిండిపొయినాది తమ్ముడూ. రెండో దారి తెరవమని తిరువళ్లూరు సారే చెప్పినాడు, తెరిచినా.”

ఏది ఆ రెండో దారి అన్నాను.

“ఇంకేముంది, మీ తిరుత్తణే!”

కేబుల్ తెగకముందు అది సరైన పనే. ఇప్పుడు మాత్రం ఒక్కో కాలూ మానుంచి ఆయనకు, ఆయననుంచి మాకు తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఇంకో సర్క్యూట్‌ను పట్టుకుంటోంది. మూసేయన్నా అన్నాను. సారు చెప్పకుండా ఎట్లా మూసేదన్నాడు. సర్వీసు లైను మా రెండు ఆఫీసుల మధ్యే; సారును అడగాలంటే తిరువళ్లూరుకు కాల్ వెళ్లాలి.

అరక్కోణం నుంచి వచ్చే తిరువళ్లూరు కాల్స్‌ను మా దగ్గరే ఆపేయమని పట్టికలో ఆదేశం కొట్టాను. చిక్కుకున్నవన్నీ తెగిపోయి సర్క్యూట్లు ఖాళీ అయ్యాయి. కమలక్క అల్లుడి నంబరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే అరక్కోణం మీదుగా దొరికింది. ఆమె మా ఫోన్ చెవికి ఆనించుకునే వాకిట్లోకి అరిచింది.

“వేలూరుకేరా! అంబులెన్సు ఎక్కించేసినారంట. తిప్పరా బండి!”

మునిసామి సమయానికి చేరాడు. తల్లీ బిడ్డా బతికారు.

రెండు ఆఫీసుల పట్టికలూ విడివిడిగా చూస్తే తప్పు లేనివే. రెండో దారి తెరిచేముందు అవతలివాళ్ల రెండో దారి ఎక్కడికి వెళుతుందో అడగాలని అప్పుడు నేర్చుకున్నాను. అనుమతి లేకుండా పట్టిక మార్చినందుకు నాకు మెమో వచ్చింది. నేను పెట్టిన ఆ అడ్డును మాత్రం ఎవరూ తీయించలేదు.