కొంగగా నేసిన హంస

ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఏ నిర్ణయమైనా పట్టిక వేసుకోకుండా తీసుకునేవాణ్ణి కాదు. చెప్పుల జత కొనడానికి కూడా ఆరు గడులు గీసేవాణ్ణి (ఆ చెప్పులు నెలలో తెగిపోయాయి, అది వేరే సంగతి). మా పెదనాన్నకి చీరాలలో మగ్గాలున్నాయి. చీర అంచుకి బొమ్మ రావాలంటే దాన్ని ముందు గళ్ళ కాగితం మీద గీసి, దాని ప్రకారం అట్టలకి రంధ్రాలు కొట్టించి మగ్గం మీద బిగించాలి. ఆ కాగితాలు గీసే ముసలాయనకి చూపు మందగించడంతో, ఆ పని కంప్యూటర్ మీద నేను చేస్తానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్చాలని ఆయన పట్టుదల. చివరికి ఒక రాజీ కుదిరింది. నేను గీసిన మొదటి హంసల అంచు మగ్గం మీద సరిగ్గా వస్తే పెదనాన్న దగ్గర పని, రాకపోతే కోచింగు.

అంచేత తెర మీదే పెన్నుతో గీసే టాబ్లెట్ ఎంచుకోవడం నాకు జీవన్మరణ సమస్య అయింది. పదిహేడు లక్షణాలతో పట్టిక తయారుచేశాను. పెన్ను మొనకీ గీతకీ మధ్య ఎంత ఎడం ఉంది, చెయ్యి నొక్కినకొద్దీ గీత ఎలా లావెక్కుతోంది, మూలల దగ్గర పక్కకి జరుగుతోందా, ఇలా. పెదనాన్నని వెంటబెట్టుకుని రైల్లో గుంటూరు వెళ్ళి, బ్రాడీపేటలో ఒక దుకాణంలో మూడు టాబ్లెట్లు బల్ల మీద పెట్టించాను. స్టీలు స్కేలు ఆనించి, నత్తనడకన ఏటవాలు గీతలు గీయడం మొదలుపెట్టాను (నెమ్మదిగా గీస్తేనే గీత వణుకు బయటపడుతుంది). గంట గడిచింది.

"తమ్ముడూ, కొనేవాళ్ళందరూ దీని మీద వినాయకుడి బొమ్మేసి చూసుకుంటారు. నువ్వేంది, పొలం సర్వేకి వచ్చినట్టు కొలుస్తన్నావు?" అన్నాడు దుకాణం యజమాని.

ఈలోగా పెదనాన్న చొక్కా జేబులోంచి మడత భూతద్దం తీశారు. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే అద్దం అది. దాన్ని తెల్లగా వెలుగుతున్న తెర మీద పెట్టి, ఒంటికన్నుతో చాలాసేపు చూశారు.

"ఒరేయ్, ఇట్టా రా. ఇది తెలుపన్నావే, ఇందులో తెల్ల పోగు ఒక్కటన్నా ఉందా? ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అంతే."

"అన్ని తెరలూ అంతేనండీ పెద్దాయనా!" అన్నాడు యజమాని.

"అన్నీ అంతేనా? మరి ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎవరూ అడగలా?"

ఆ మూడు రంగులూ కలిస్తేనే కంటికి తెలుపుగా కనిపిస్తుందని నేను పదినిమిషాలు బోధించాను. ఆయన మూడు తెరలూ అద్దంతో చూసి, "ఈ చివరిదానికి నేత గట్టిగా ఉంది, ఇది తీసుకో" అన్నారు. నా పట్టికలో దానిది ఆఖరి స్థానం. అలా కాదని, మొదటి స్థానంలో ఉన్నదాన్నే కొనిపించాను. "గీసేవాడివి నువ్వు, నీ ఇష్టం" అని ఆయన అద్దం మడిచి జేబులో వేసుకున్నారు.

చీరాలలో పెదనాన్న ఇంటికొచ్చాక ముసలాయన పాత కాగితాలు తిరగేస్తే ఒక్క గడి కూడా చదరంగా లేదు. అన్నీ కాస్త నిలువుగా సాగి ఉన్నాయి. అచ్చు వేసినవాడి నిర్లక్ష్యం అనుకుని జాలిపడ్డాను. నా తెర మీద ఖచ్చితమైన చదరపు గళ్ళు గీసుకుని, ఈకకి ఈక లెక్క తప్పకుండా హంసలు వేశాను. అట్టలు కొట్టించారు. మూడోనాడు మగ్గం మీద మొదటి జానెడు అంచు తయారైంది. హంసలన్నీ మెడలు చాచి, కాళ్ళ మీద నిక్కి నిలబడ్డాయి. నేసే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా బట్టలో నిలువు పోగులు దగ్గరదగ్గరగా, అడ్డపోగులు ఎడంగా ఉంటాయి కాబట్టి చదరంగా గీసిన గడి గుడ్డ మీదికొచ్చేసరికి పొడుగవుతుందనీ, కాగితం మీది గళ్ళు అందుకే అలా ఉన్నాయనీ వీధిలో పిల్లలకి కూడా తెలుసట.

పెదనాన్న అంచుని వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. "గీత ఎక్కడా వంకర పోలేదురా. కొంగ బ్రహ్మాండంగా కుదిరింది."

పెట్టె సర్దుకోవడానికి లేచాను. "ఎక్కడికి? కూర్చో. కోచింగు మొదలవ్వడానికి ఇంకా రెండు నెలలుంది కదా, ఈలోపు ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేత నేర్చుకో" అన్నారు.

రెండు నెలలూ నేశాను. తెగిన పోగులు అతకడంలోనే సగం కాలం గడిచింది. ఆఖరి వారంలో తెర మీద నేలకి అణిగిపోయిన బాతుల్లాంటివి గీశాను. గుడ్డ మీద అవి నిదానంగా తలెత్తి హంసలయ్యాయి. పెదనాన్న వాటిని చూసి, పక్కగదిలోకి వెళ్ళి నాన్నకి ఫోన్ చేసి, "ఆ కోచింగు సీటు ఇంకెవరికన్నా ఇచ్చుకోమని చెప్పు" అన్నారు.

అది విని నేనేం చేశాను? గంతులు వేయలేదు. కాగితం తీసుకుని, 'సంతోషించడానికి కారణాలు' అని పైన రాసి, కింద ఒక గీత గీసి, ఒకటో అంకె వేశాను. దాని ఎదురుగా ఏం రాయాలో తోచక, కాగితం మడిచి జేబులో వేసుకుని మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాను. ఆ కాగితం ఎక్కడ పోయిందో గానీ, ఇప్పుడు దొరికినా అందులో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆ సంతోషం మాత్రం అలాగే ఉంది.