పి.పి. ఫోన్‌లో వచ్చిన కుట్టుమిషన్

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అనేది. పెళ్ళై నాచారం వచ్చాక మా అత్తమ్మ ఆ మాటను సవరించింది. "ముక్కు మీద గాదు వదినా, నీ బిడ్డకు నాలుక మీదనే ఉంటది" అంది, మా అమ్మ ఎదురుగానే. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

డెబ్బైల మొదట్లో మాట ఇది. మా ఆయన నాచారంలో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఫ్యాక్టరీ గోడకు ఇవతల వరసగా పోర్షన్లు ఉండేవి. చివరి పోర్షన్‌లో మేం ముగ్గురం ఉండేవాళ్ళం, అత్తమ్మ, మా ఆయన, నేను. మాకు గడియారంతో పెద్దగా పని పడేది కాదు. సైరన్ కూస్తే ఎసరు పెట్టడం, మళ్ళీ కూస్తే అన్నం వార్చడం. సైకిళ్ళు బెల్లులు కొట్టుకుంటూ మా గల్లీలోంచే పోయేవి.

కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ తన కుట్టుమిషన్ నాకిచ్చేసింది. చేత్తో తిప్పే నల్ల మిషన్ అది. దాని మీది బంగారు రంగు పువ్వులు అమ్మ చెయ్యి రాసుకుని రాసుకుని సగం అరిగిపోయాయి. మరి నీకో అని అడిగితే "నాకు సూది లేదా ఏంది?" అంది. వాడకట్టు ఆడవాళ్ళందరి జాకెట్లూ నేను దాని మీదే కుట్టేదాన్ని. నా చేతిలో నాలుగు పైసలు ఆడుతున్నాయన్నా, ఇంట్లో నా మాటకు కాస్త విలువ ఉందన్నా అదంతా దాని చలవే. అది లేకపోతే నేనూ మళ్ళీ సూదే పట్టుకోవాలి.

అయితే దాంతో ఒక తంటా ఉండేది. కుడిచెయ్యి హ్యాండిల్ తిప్పడానికే సరిపోయేది. గుడ్డను ఒక్క ఎడమచేత్తోనే నడిపించాలి. మెడ చుట్టూ గుండ్రంగా పట్టీ వేసేటప్పుడు గుడ్డ జారిపోయేది, నేను మిషన్‌ని తిట్టేదాన్ని, అత్తమ్మ నన్ను తిట్టేది. కాలితో తొక్కే మిషన్ ఉంటే రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి కదా అని ఎప్పుడూ అదే ధ్యాస నాకు.

ఇక ఫోన్ సంగతి. మా వాడకట్టు మొత్తానికీ ఫోన్ ఉన్నది ఒక్క ఇంట్లోనే. మా గోడ పక్కనే, ఉప్పల్‌లో సైన్సు ల్యాబులో పనిచేసే ఆఫీసరుగారి ఇల్లు. వాళ్ళది కోస్తా. ఆయన భార్యను నేను పిన్నిగారూ అనేదాన్ని. నల్లటి ఫోను, దాని డయల్‌కి చిన్న తాళం, పైన నేను కుట్టిచ్చిన ముసుగు. నంబరు వాళ్ళదే గానీ వాడేది మేమందరం. పక్కన పి.పి. అని రాసి ఎవరికి పడితే వాళ్ళకి ఆ నంబరే ఇచ్చేవాళ్ళం. అవతలివాళ్ళు ఫలానా వాళ్ళను పిలవండి అంటే పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి కేకేసేది. మా ఆయన ఒక చెక్క మీద ఎర్ర రంగుతో నా పేరు రాసి, "చేతి మిషన్ మీద ఆడవారి జాకెట్లు చక్కగా కుట్టబడును" అని రాసి, కింద ఆ నంబరు కూడా వేసి గేటుకు తగిలించాడు. ఆ 'చక్కగా' చూసి అత్తమ్మ "అబ్బో" అంది.

అత్తమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె చెయ్యి మంచిదని వాడకట్టు అంతా నమ్మేది. ఎక్కడ లక్కీ డ్రా అన్నా, స్కూల్లో పిల్లలు లాటరీ పెట్టినా, ఎవరి చీటీ అయినా సరే ఆమె పేరు మీదే వేసేవాళ్ళు. వేసిన చీటీలన్నీ తగిలాయని కాదు. తగిలిన రెండు మూడూ అందరికీ గుర్తుండిపోయాయి, అంతే. మా ఇంట్లో స్టీలు బకెట్టు అలా వచ్చిందే. గౌను పిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా అందరి అదృష్టమూ మా అత్తమ్మ పేరుతోనే డబ్బాల్లో పడేది.

ఆ చలికాలం ముగ్గురం ఎగ్జిబిషన్‌కి పోయాం. అక్కడ ఒక కుట్టుమిషన్ల దుకాణంలో చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేస్తే, డ్రాలో తగిలినవాళ్ళకు కాలి మిషన్ ఇస్తారట. ఒక అమ్మాయి మిషన్ మీద నెమలిని కుడుతోంది. నేను నోరు తెరుచుకుని ఆ నెమలి దగ్గరే నిలబడిపోయాను. "చీటీ ఏసిన్రా?" అని తర్వాత అడిగితే మా ఆయన "ఏసినం ఏసినం, నడువు, బస్సు పోతది" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు మా ఆయన ఫ్యాక్టరీ పని మీద వేరే ఊరికి పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను పిండి కలుపుతుంటే గోడ మీంచి పిన్నిగారి కేక. "అమ్మాయ్, నీకే ఫోను! తొందరగా రా, ఎవరో శుభవార్త అంటున్నాడు!"

పిండి చేతులతోనే పరుగెత్తాను. అవతల చాలా మర్యాదైన గొంతు. నా పేరు చెప్పి, "జాకెట్లు కుట్టేది మీరేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "మీ అదృష్టం పండిందమ్మా. మీరు వేసిన చీటీకి కాలి మిషన్ తగిలింది" అన్నాడు.

"ఎగ్జిబిషన్‌ల ఏసిన చీటీకేనా?"

"అవునమ్మా, దానికే" అన్నాడు.

నా కాళ్ళు నేల మీద నిలబడలేదు. కొత్తది నాకు, పాతది మళ్ళీ మా అమ్మకు! అంతలో ఆయన ఇంకో మాట అన్నాడు. మీ దగ్గరున్న చేతి మిషన్ కంపెనీకి అప్పగించాలి, అది రూలు, పాతది పోయి కొత్తది వచ్చిందని జనానికి చూపిస్తాం, రేపు పొద్దున మా మనిషి వస్తాడు, సిద్ధంగా ఉంచండి అని. నా మనసు కాస్త చివుక్కుమంది. కంపెనీవాళ్ళకు మా అమ్మ అరిగిపోయిన మిషన్ ఎందుకో అనిపించింది కూడా. కానీ ఫోను పెట్టేశాడు.

"ఇది నిజమేనంటారా పిన్నిగారూ? మోసమేమో?" అన్నాను.

"మోసమేమిటే? నీ పేరు తెలుసు, చేతి మిషన్ ఉందని తెలుసు, చీటీ వేశావని తెలుసు. ఇంకేం కావాలి? ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావ్!" అందావిడ.

నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, సబబుగా తోచాలని నేను గట్టిగా కోరుకున్నాను. రెండు చేతులూ గుడ్డ మీద పెట్టి కుట్టడం అప్పటికే కళ్ళ ముందు కనబడుతోంది. అమ్మకు తర్వాత ఎప్పుడో నేనే కొనిస్తాలే అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చి ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. అత్తమ్మ పప్పు ఏరుతోంది. చెయ్యి ఆపి ఒక్కటే అడిగింది.

"ఎవరి పేరు జెప్పిండు?"

"నా పేరే. ఇంకెవరిది జెప్తడు?"

"గట్లనా" అంది, మళ్ళీ పప్పులోకి వంగింది. అంతే! సంతోషం లేదు, సంబరం లేదు. నాకు చుర్రుమంది. ఎప్పుడూ తనకే రావాలా బహుమతులు?

"ఏంది అత్తమ్మా, నాకు తగిలితే మింగుడు పడుతలేదా?" అనేశాను.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. చుట్టాలొస్తే తప్ప దించని డబ్బా దించి, సేమ్యా వేయించి పాయసం చేసింది. జీడిపప్పు కూడా వేసింది. గిన్నె నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుని "కొత్తది వస్తే మొదలు ఏం కుడ్తవే?" అని అడిగింది. నాకు కోపం వచ్చినంత తొందరగానే పోతుంది. మొదలుపెట్టాను ఇక. మొదట నీ జాకెట్టే అత్తమ్మా, మెడకు పట్టీ చూడు ఎంత గుండ్రంగా తిప్పుతానో, ఆ తర్వాత నెమలి నేర్చుకుంటా, బోర్డు మీద చేతి మిషన్ అన్నది కొట్టేయించాలె. ఆమె నవ్వుతూ అన్నిటికీ "ఊ" కొట్టింది. లోపలికెళ్ళి తన పెట్టెలోంచి ముదురాకుపచ్చ జాకెట్టు గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ సాయంత్రం మా ఇంట్లో నేను మాట్లాడినంత సేపు మా ఆయన ఉన్నప్పుడు కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

పొద్దున లేచేసరికి అరుగు మీద మిషన్ లేదు. వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉంది. అత్తమ్మ చేట పెట్టుకుని గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. గడప మీద ఎవరైనా కూర్చుంటే ఇల్లు పీకి పందిరేసే మనిషి! నేను అడిగేలోపే గేటు ముందు రిక్షా ఆగింది. టక్ చేసుకున్న ఒకాయన దిగాడు.

"నమస్కారమమ్మా. మిషన్ తీసుకెళ్ళడానికి వచ్చాం" అన్నాడు.

"తీస్కపోదువు గని నాయినా, కొత్తదేది?" అంది అత్తమ్మ, తల ఎత్తకుండానే.

"ఉప్పల్ చౌరస్తాలో లారీలో ఉందమ్మా. పాతది చూపిస్తేనే అక్కడ దించుతారు."

"ఉప్పల్ ఎంత దూరం? లారీనే గిటు రమ్మను. మా గల్లీల బొగ్గు లారీ గూడ దిరుగుతది."

"రూలు ఒప్పుకోదమ్మా."

"అయ్యో, రూలంటే రూలే మరి." ఆమె ఒక మట్టిబెడ్డ ఏరి అవతల పారేసింది. "జర మళ్ళొకసారి జెప్పు నాయినా. బహుమతి ఎవరి పేరు మీద తగిలింది?"

ఆయన నా పేరు చెప్పాడు. చెప్పేముందు ఆయన చూపు గేటు మీది బోర్డు వైపు పోయింది. నేను చూశాను. నా పేరు, చేతి మిషన్, ఫోన్ నంబరు, అన్నీ అక్కడే ఎర్ర రంగులో ఉన్నాయి. 

అత్తమ్మ చేట కింద పెట్టింది. "ఆ చీటీ నా పేరు మీద ఏసినం. నా కొడుకు రాసిండు, నా చేత్తోనే డబ్బల ఏసిన. మా వాడకట్టుల ఎవరు ఏసినా నా పేరు మీదనే ఏస్తరు. మరి నా కోడలి పేరు మీ కంపెనీల ఎవరు పుట్టించిన్రు?"

ఆయన "ఆఫీసులో పొరపాటు జరిగిందేమో, అడిగి వస్తాను" అంటూ వెనక్కి నడిచాడు. రిక్షా కూడా ఎక్కలేదు. రిక్షావాడు "ఓ సాబ్, నా కిరాయి!" అని అరుస్తూ వెంటపడ్డాడు. "లారీతోని జల్ది రా నాయినా, చాయ్ పెడ్త!" అని అత్తమ్మ గేటు దాకా వెళ్ళి మరీ కేకేసింది. గోడ అవతల పిన్నిగారు "అయ్యయ్యో, అంత మర్యాదగా మాట్లాడాడే!" అని బుగ్గలు నొక్కుకుంది.

నేను అరుగు మీద కూలబడ్డాను. వాడకట్టు వాడకట్టంతా ఆమె పేరు మీద చీటీలు వేస్తుంటే, ఆ ఇంటి కోడల్ని నాకే ఆ సంగతి తట్టలేదు. మా అమ్మ మిషన్ని నా చేతులతో నేనే రిక్షా ఎక్కించేదాన్ని. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"నీకు నిన్ననే ఎరుకనా అత్తమ్మా?"

"నీ పేరు జెప్పిండన్నప్పుడే ఎరుకైంది."

"మరి నిన్ననే ఎందుకు జెప్పలే? ఒర్రుకుంట, నెమళ్ళు కుడ్తనని ఎగురుకుంట తిరిగితిని గద!"

"ఎట్ల జెప్తనే? ఈ ఇంటికొచ్చినకాన్నించి నువ్వు గట్ల నవ్వంగ నేను ఎన్నడన్న సూసిన్ననా? వాడు వచ్చేది రేపు గద, రేపే జెప్దాం అనుకున్న. మిషన్ ఎటు బోతది, నేను లేనా?"

"పాయసం గూడ జేస్తివి, అబద్ధపు బహుమతికి!"

"బహుమతి అబద్ధం. నీ నవ్వు గూడ అబద్ధమా?" అంది.

 నాలుక మీదే కోపం ఉండే మనిషిని, ఆ పూట నాకు నాలుకే ఆడలేదు. ఆమె వంటింట్లోకెళ్ళి డ్రమ్ము వెనకనుంచి మిషన్ని రొమ్ముకు ఆనించుకుని ఎత్తుకొచ్చి అరుగు మీద పెట్టింది. నిన్నటి ఆకుపచ్చ గుడ్డ నా ముందు పరిచింది.

"కుట్టు. మొదలు నా జాకెట్టే అన్నవ్ గద" అంది.

గుడ్డ కత్తిరించి, ముక్కలు కలిపి, మెడ దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే కుడిచెయ్యి హ్యాండిల్ మీదికి పోయింది. అత్తమ్మ నా చెయ్యి తీసేసి, పక్కకు జరిగి కూర్చుని, హ్యాండిల్ తను పట్టుకుంది.

"నేను తిప్పుత. నువ్వు గుడ్డ సూసుకో" అంది.

ఆమె తిప్పుతూ పోయింది. నా రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి. పట్టీ ఎక్కడా జారకుండా మెడ చుట్టూ గుండ్రంగా తిరిగి వచ్చింది.