జాన్ బీ ఇంటి సున్నం

బోయిగూడలో కళాయి మౌలా అలీ ఇల్లంటే అందరికీ తెలుసు. రెండర్రల మట్టి మిద్దె, ముందు చిన్న అరుగు. ఆయన ఆ అరుగు మీదనే తిత్తి ఊదుకుంటూ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. పోలీసు చర్య అయిన మరుసటేడు వానకాలంలో జ్వరం తగిలి, వారం తిరగకముందే పోయాడు. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది పెండ్లాం జాన్ బీ ఒక్కతే.

మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉండాలి. గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు, పూలు పెట్టకూడదు, సుర్మా దిద్దకూడదు. మౌలా అలీ అక్క లతీఫున్నీసా కాప్రా నుంచి వచ్చి, జాన్ బీ చేతి గాజులు తీసి, మూటగట్టి గూట్లో పెట్టి, ఇవన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పి పోయింది. అంతగా చెప్పనక్కర్లేదు. బయటికి పోవాలని జాన్ బీకి ఏమీ లేదు. తలుపుకు గొళ్లెం పెట్టుకుని గోడకానుకుని కూచునేది. పొద్దు గూకినా దీపం పెట్టాలని తోచేది కాదు. పక్కింటి బాలమ్మకు రెండు బర్రెలున్నాయి. పెరటి గోడ మీది నుంచి పాలచెంబు అందిస్తూ "తిన్నవా?" అని అడిగేది. "తిన్న అక్కా" అనేది జాన్ బీ. తినలేదని బాలమ్మకు గొంతులోనే తెలిసేది.

ఒకనాడు బాలమ్మ చెంబు లేకుండానే గోడ దగ్గరికి వచ్చింది.

"ఓ జాన్ బీ, జెర ఇటు రా. పరేషాన్ గాకు గానీ, పొద్దుగాల సర్కారు మనిషొచ్చిండు. ఊరిడిసిపోయినోళ్ల ఇండ్లు స్వాధీనం చేసుకుంటున్నరట. మీ మరిది లాల్ కరాచీకి పాయె గదా, మీ ఇల్లు సుత ఖాళీ అనుకుంటున్నడు."

"నేనున్న గదా అక్కా."

"ఉన్నవని నేను చెప్పలేదా? మనిషున్న ఇల్లు గిట్లుంటదా అని నన్నే అడిగిండు. ఎన్నడు సూసినా తలుపేసే ఉంటది, దీపముండదు, చప్పుడుండదు, గోడలు పెచ్చులూడుతున్నయి, కిటికీకి నల్ల కాగితం. పక్కింటోళ్లు ఏదో ఒకటి చెప్తనే ఉంటరన్నడు. శుక్రారం జుమ్మా నమాజు అయినంక తాళమూ లక్కా తీస్కొని వస్తడట."

జాన్ బీ వెనక్కి తిరిగి ఇల్లు చూసింది. అవును, నల్ల కాగితం. పెద్ద యుద్ధం రోజుల్లో బయటికి వెలుతురు పోకుండా అందరూ అతికించారు. అందరూ పీకేశారు, ఈ ఇంట్లో మాత్రం అట్లాగే ఉండిపోయింది. రేపు పీకుతానని మౌలా అలీ ఎన్నిసార్లు అన్నాడో.

"బయటికొచ్చి చెప్తనంటే వద్దంటరు. ఇల్లే చెప్పాలె ఇగ" అంది జాన్ బీ. "అక్కా, జెర సున్నపు రాళ్లు తెప్పిస్తవా?"

కాగితాన్ని వేడినీళ్లతో నానబెట్టి, కొబ్బరి చిప్పతో గీకింది. ఒక్కసారి పీకితే జిగురు అద్దానికే ఉండిపోతుంది. నానాలి. అద్దం బయటపడ్డాక బూడిదతో తోమింది. గదిలోకి వెలుతురొచ్చింది. గోడలు ఎంత పాడయ్యాయో అప్పుడు కనిపించింది.

సున్నపు రాళ్లు పాతకుండలో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికాయి. మర్నాటికి చల్లారితే మౌలా అలీ లుంగీతో వడగట్టింది. వేలికి అంటుకోకుండా ఉండాలని గంజి కలిపింది, తెలుపులో తెలుపు రావాలని చిటికెడు నీలిమందు వేసింది. ఈతమట్ట కొసను బండ మీద దంచితే కుంచె అయింది. ముందు పూసినప్పుడు నీళ్లు పోసినట్టే ఉంది, ఏమీ కనబడలేదు. సున్నం అంతే, ఆరినాక తేలుతుంది. రెండో పూతకు గోడ లేచి నిలబడింది.

గోడంతా వట్టి తెల్లగా ఉంటే దవాఖానాలా ఉందనిపించింది. బాలమ్మ బెండకాయలిస్తే అందులో ముదిరినదొకటి తీసి అడ్డంగా కోసి, ఎర్రటి జాజుమట్టిలో ముంచి గోడకు అద్దింది. ఐదు రేకుల పువ్వు పడింది. లేత కాయ పనికిరాదు, రెండు అద్దులకే మెత్తబడిపోతుంది. ముదురుదే కావాలి, గింజలు తీసేయాలి. గదంతా చుట్టూ ఒక వరస పూలు అద్దేసరికి సాయంత్రమైంది. ఆ పూట జాన్ బీ అన్నం వండుకుంది. మిగిలిన లేత బెండకాయలు కూర చేసింది.

కిటికీ తెరుచుకుంది గనుక బయటివాళ్లకు లోపల కనబడుతుంది. పరదా కట్టడానికి గుడ్డ లేదు. బాలమ్మ గాజుల బండివాడి దగ్గర పగిలిన ముక్కలు కొంగులో తెచ్చి పోసింది. చిమ్నీ తీసిన దీపం సెగకు పెడితే గాజుముక్క కొసలు వంగి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. ఒక వలయంలోంచి ఇంకోటి తోసి వంచితే గొలుసు. వేళ్లు కాలాయి. గూట్లో మూటగట్టిన తన గాజులను మాత్రం ముట్టలేదు. గొలుసులు కిటికీకి వేలాడదీసింది. లోపలినుంచి బయట కనబడుతుంది, బయటినుంచి లోపల కనబడదు.

అప్పుడే లతీఫున్నీసా వచ్చింది. వాకిట్లోనే నిలబడిపోయింది.

"యా అల్లా! నా తమ్ముడు పోయి రెండు నెల్లు కాలె, ఇల్లుకు పెండ్లి షురూ చేసినవా?"

"నాకు షోకు వద్దన్నరు ఆపా. గోడకు వద్దనలే గద."

"మాటలు సుత నేర్చినవ్. బస్తీల ఏమనుకుంటరు? పోతే పోనీ ఈ మట్టి ఇల్లు. కాప్రాకు రా. కొట్టం పక్కన అర్ర ఉంది, ఇంత తింటవు, ఓ మూల పడుంటవు."

ఆ అర్ర జాన్ బీ ఎప్పుడో చూసింది. కిటికీ లేదు. తలుపు కొట్టంలోకి తెరుచుకుంటుంది. ఇల్లు పోతే అదే దిక్కు. ఆపా మనసు చెడ్డది కాదు. ఉన్నదే పెడతానంటున్నది. ఆమె పోయాక జాన్ బీ మిగిలిన సున్నానికి నీళ్లు కలిపి పెరటి గోడ దగ్గర నిలబడింది.

"అక్కా, బయటి గోడ నేను పూయరాదు. నువ్వు పూస్తవా?"

"పూయనా మరి! నువ్వు సూడకు, నేను చేస్త."

బాలమ్మ గోడ పూసింది. అరుగు అలికింది. ఆమె చేతికి ఏది అలవాటో అదే చేసింది. గడపకు జాజు పూసి, పైన తెల్లచారలు దిద్ది, పసుపు బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గు కూడా వేసింది. గొళ్లెం వేసిన తలుపు వెనకనున్న జాన్ బీకి అదేమీ కనబడలేదు. "ఎట్లుందక్కా?" అంటే "లక్షణంగుంది" అన్న మాట వినబడింది, అంతే.

జుమ్మా అయినాక సర్కారు మనిషి వచ్చాడు. ఇంటి ముందు ఆగి, గోడ చూసి, గడప చూసి, ముగ్గు చూశాడు. బాలమ్మ తన వాకిట్లో పిడకలు తిప్పుతున్నది.

"ఏమమ్మా, ఈ ఇంట్ల ఎవరు దిగిండ్రు?"

"ఎవలు దిగుతరయ్యా? జాన్ బీ ఇల్లని ఆనాడే చెప్తిని."

"సాయిబులింటి గడపకు పసుపా? ముగ్గెవరేసిండ్రు?"

"నేనేసిన."

"ఓహో. నువ్వే దిగినవన్నట్టు."

బాలమ్మకు ఒళ్లు మండింది. "నాకేం ఖర్మ? నా ఇల్లు నాకున్నది. జాగ చాలక బర్రెలకు నాకు రోజూ లొల్లి, గంతే!"

"అదే అంటున్న. జాగ చాలకనే ఇది పట్టినవు."

"అరే, ఏందయ్యా నువ్వు! మంచి చేస్తే మన్ను పడుతున్నది!"

నలుగురు గుమిగూడారు. బాలమ్మ ఎంత అరిస్తే ఆయనకు అంత నమ్మకం కుదిరింది. సంచిలోంచి తాళం తీశాడు.

లోపల జాన్ బీ గాజుల గొలుసుల వెనక నిలబడి చూస్తున్నది. ఇల్లు చెప్పాల్సింది చెప్పింది గానీ, వేరేవాళ్ల మాట చెప్పింది. ఇప్పుడు ఊరుకుంటే ఇల్లు పోవడమే కాదు, బాలమ్మక్క దొంగ అవుతుంది. పరాయి మగవాళ్ల కంట పడకూడదన్న ఆపా మాట గుర్తొచ్చింది. తల మీది దుపట్టా ముఖం మీదికి లాక్కుని గొళ్లెం తీసింది. గడప లోపలనే నిలబడింది.

"ఆమెను ఏమనకు. ఇల్లు నాది."

అందరూ ఇటు తిరిగారు. ఆ గొంతు ఆ వాడ విని రెండు నెలలు కావస్తోంది.

"నువ్వెవరమ్మా?"

"కళాయి మౌలా అలీ పెండ్లాన్ని. మా మరిది పోయిండు కరాచీకి, మేం పోలే." ఆ తర్వాతి మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అనాల్సిన పనీ పడలేదు, అందరికీ తెలుసు గనుక. "నా మొగుడు చచ్చిపోయిండు. ఇద్దత్‌ల ఉన్న, బయటికి రాను. అందుకే బయట ఆమె పూసింది. ఆమెకొచ్చింది ఆమె ఏసింది."

"లోపల?"

"లోపల నేను పూసిన." రెండు చేతులూ బయటికి చాపింది. సున్నానికి వేళ్ల సందులు పగిలున్నాయి, కొసలు దీపానికి కాలి నల్లబడ్డాయి. "పొయ్యేటోళ్లు గిట్ల పూసుకుంటరా?"

ఆయన చేతులు చూశాడు. లోపలికి తొంగిచూడలేదు. తాళం సంచిలో వేసుకుని, "పగటిపూట తలుపు తెరిసి పెట్టుకో తల్లీ. మళ్లెవరన్న వస్తరు" అని పోయాడు.

బాలమ్మ తిట్టుకుంటూ వెళ్లి చెంబెడు నీళ్లూ చీపురూ తెచ్చింది. "నా చెయ్యి పడిపోను. తుడిసేస్త ఉండు చెల్లె, ఈ ముగ్గూ పసుపూ అన్నీ."

జాన్ బీ మొదటిసారి తన గడప చూసుకుంది. చారలు వంకరగా ఉన్నాయి.

"ఉండనీ అక్కా. ఇయ్యాల తుడిస్తే, ముగ్గేసినోళ్లు ఖాళీ చేసిండ్రని రేపు ఇంకొకడు తాళం తెస్తడు."

బాలమ్మ చెంబు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది, నవ్వాలో వద్దో తెలియక. జాన్ బీ నవ్వలేదు. వంకరగా ఉన్న చారను వేలితో చూపించి, "ఇది జెర సక్కగ దిద్దు" అంది.