కొమురెల్లి చెప్పిన ముప్పై ఒకటి

బెల్లంపల్లి బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టర్ కొమురెల్లిని ఎరుగనివాళ్లు లేరు. ఎరిగినంత మాత్రాన ఎవరూ కుర్చీ వెయ్యలేదనుకోండి.

చెన్నూరు పక్క పల్లెలో పశువులు కాసుకునే పిల్లవాడు పద్నాలుగో ఏట బాయిపనికి వచ్చాడు. మూడేళ్లు తట్టలతో బొగ్గు ఎత్తాడు, ఆరేళ్లు సమ్మెట కొట్టాడు. ఇనుమును చెక్కే లేతు మిషను ముందు నిలబడమని ఎవరూ అనలేదు. రజాక్ మేస్త్రీ నమాజుకు పోయినప్పుడల్లా దొంగచాటుగా తిప్పి నేర్చుకున్నాడు. ఒకనాడు మేస్త్రీకి దొరికిపోయాడు కూడా. ముసలాయన కొట్టలేదు. "దొంగతనం మంచిగనే చేస్తున్నవ్ బేటా, జర వేళ్లు కాపాడుకో" అన్నాడు. నిజాం రాజ్యం పోయేనాటికి కొమురెల్లి ఫిట్టరయ్యాడు. యూనియన్ ఆఫీసులో కూర్చుని అక్షరాలు కూడా దిద్దుకున్నాడు.

ఆ వర్క్‌షాపులో ఒక కట్టడి ఉండేది. గొలుసు లంకె చేసినా, పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు పిన్ను చేసినా, చేసినవాడు దాని మీద తన హాజరు బిళ్ల నంబరు ఉక్కు అచ్చుతో కొట్టాలి. లోపల అది తెగి మనిషి పోతే ఎవడి పనో తెలియాలి కదా. కొమురెల్లి నంబరు నాలుగు వందల పదిహేడు. పదిహేనేళ్లలో ఆ నంబరున్న లంకె ఒక్కటీ తెగలేదు. ఈ సంగతి ఏ కాగితంలోనూ ఎక్కలేదు. తెగి ఉంటే ఎక్కేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో మాధవరావు దొర కబురు పెట్టాడు. చెన్నూరు దగ్గర కోటలాంటి ఇల్లు వాళ్ల గడి. అక్కడ కొట్టంలో, వరిగడ్డి కింద, ఒక కారుంది. ముక్కు పొడుగు, తోక పొట్టి, రెండే సీట్లు. ముప్పై నాలుగులో ఇంగ్లండులో చేసిన ఆరు సిలిండర్ల ఎంజీ కంపెనీ బండి. బాయి తెల్ల ఆఫీసరొకడు దేశం విడిచిపోతూ మాధవరావు తండ్రి పెద్దదొరకు అంటగట్టాడు. పెద్దదొర ఒక్కసారే నడిపి, పొలం ఒడ్డుకు గుద్ది, మళ్లీ ముట్టలేదు. సీటు మీద కోళ్లు పొదిగేవి.

"ఏందిరా కొమురెల్లి, దీన్ని లేపుతవా?" అన్నాడు మాధవరావు.

"సచ్చిందా, పండుకున్నదా చూడాలె దొరా."

"గిసొంటివి దేశం మొత్తంల నాలుగైదు ఉన్నయో లేవో. బొంబాయి, కలకత్తల పాత కార్లు పోగేసేటోళ్లున్నరు. అమ్ముడుపోతే రోడ్డు మీది రేకుల షెడ్డు నీకు రాసిస్త. నీ సొంత దుకాణం పెట్టుకో."

సొంత దుకాణం! సైరను కూతకు లేవనక్కర లేదు. ఎవడికీ గేటు దగ్గర బిళ్ల చూపించనక్కర లేదు. ఆ ఒక్క మాట మీద రెండున్నరేళ్లు, సెలవు దొరికిన ప్రతి రోజూ, సైకిలు తొక్కి గడికి పోయాడు.

"నా మొఖం ఎన్నడన్న గంత సేపు చూసినవా?" అనేది అతని భార్య శంకరవ్వ.

"నీకు తుప్పు పట్టలే గదా."

"నీ తోటి ఇన్నేండ్లు కాపురం చేసినంక పట్టకుంట ఎట్లుంటది?"

ఇంగ్లండు నుంచి సామాను తెప్పించే దిక్కు లేదు. కొమురెల్లి తన చేతులనే అడిగాడు. విరిగిన యాక్సిలుకు బదులు, టబ్బులు లాగే ఇంజనులోంచి తీసి పారేసిన ఉక్కు కడ్డీని ఆఫీసులో చిట్టీ రాయించుకుని తెచ్చి లేతు మీద తీశాడు. చెదలు తిన్న చెక్క చట్రాన్ని ఉట్నూరు అడవి టేకుతో మళ్లీ కట్టాడు. వాల్వులను నొక్కే చిన్న మీటలు, రాకర్లు, అరిగితే కొత్తవి చేశాడు. చేసిన ఇనుప ముక్కల్లో చోటున్న ప్రతిదాని మీదా, ఆలోచన లేకుండానే, అలవాటుపడ్డ చెయ్యి నంబరు కొట్టింది. అలాంటి కారు కొనేవాళ్లు ఇంగ్లండు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగలకూడదని కోరుకుంటారని బాయిలో బతికినవాడికి ఏం తెలుసు?

మాధవరావుకు తెలుసు. అందుకే నంబర్ల సంగతి చూసుకోకుండానే, "కంపెనీ బిగించిన ఒక్క మర కూడా మారలేదు" అని ఫోటో జతచేసి ఉత్తరాలు రాశాడు. ముగ్గురు జవాబిచ్చారు. ఒక్కరు వచ్చారు. బొంబాయి పార్సీ, ఫిరోజ్ సేఠ్.

అరవైయేళ్ల మనిషి. తెల్లచొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి వేసుకుని కారు కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచే అడిగాడు, ఉర్దూలో:

"ఈ నాలుగు వందల పదిహేడు ఏమిటి?"

"కంపెనీ నంబరు సేఠ్" అన్నాడు మాధవరావు, తడుముకోకుండా.

సేఠ్ బయటికి వచ్చాడు. బానెట్ తెరిచాడు. ఇంజను మూత విప్పించాడు. రాకర్ల మీదా అదే నంబరు. "ఏ కంపెనీ ముక్క మీదా నేనిది చూడలేదు" అంటూ కొమురెల్లి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

మాధవరావు సేఠ్ వెనక నిలబడి కళ్లతోనే షెడ్డు చూపించాడు. ఔనను, అంతే, అది నీదే అన్నట్టు. కొమురెల్లి రాకర్ల వైపు చూశాడు. ఒక్కొక్కటి తొమ్మిదిసార్లు పాడు చేసి పదోసారి కుదిరించినవి.

"గది నా బిళ్ల నంబరు సేఠ్. నేనే చేసిన."

"నోరు మూసుకో! నీకేం ఎరుకరా?"

"చేసినోనికి ఎరుక లేకుంటే ఎవలికుంటది దొరా?" అని, కొమురెల్లి తనకొచ్చిన ఉర్దూలో సేఠ్‌కు చెప్పాడు: "బాయిల ముక్క తెగితే ఎవన్ని పట్టుకోవాలె? అందుకే నంబరు. గీ కారుల గూడ మనిషే గద కూసునేది."

"షెడ్డు మాట ఇగ మర్చిపో" అన్నాడు మాధవరావు తెలుగులో.

సేఠ్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "నీవి ఇంకా ఎన్ని ఉన్నాయి? అన్నీ చెప్పు."

కొమురెల్లి కారు చుట్టూ తిరిగాడు. ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి చెప్పాడు. యాక్సిలు, పన్నెండు రాకర్లు, నీళ్ల గొట్టం మెడ, బ్రేకు పెడలు, టేకు చట్రం... అడిగినవాటికి ఏ ఉక్కు, ఎన్నాళ్లు పట్టింది, ఎక్కడ చెడిపోయింది, అదీ చెప్పాడు. అతని బతుకులో ఇంతసేపు ఎవరూ అతని మాట రాసుకోలేదు. లెక్క ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

తర్వాత కొమురెల్లి సేఠ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కారును రోడ్డెక్కించాడు. తిరిగొచ్చేసరికి సేఠ్ జుట్టు నిలబడి ఉంది, ముఖం చిన్నపిల్లవాడిలా ఉంది. దిగి మాధవరావుతో అన్నాడు:

"మీరు ఉత్తరంలో రాసిన కారు ఇది కాదు. దానికి చెప్పిన ధర ఇవ్వను. ఈ కారుకు ఎంతో చెప్పండి."

ధర బాగా దిగింది. బేరం కుదిరింది. పోయేముందు సేఠ్ ఆ పుస్తకం, కలం కొమురెల్లి చేతికిచ్చి సంతకం చెయ్యమన్నాడు. 'ఫిట్టర్ కొమురెల్లి, బెల్లంపల్లి' అని తెలుగులో, కాస్త పెద్ద అక్షరాలతోనే రాశాడు. సేఠ్ తన అడ్రసు కార్డు ఇచ్చాడు.

ఇంటికొచ్చాక శంకరవ్వ అడిగింది: "షెడ్డేమాయె?"

"పాయె."

"మరేం నవ్వుతున్నవయ్యా, పిచ్చిగిట్ల లేసిందా?"

జరిగింది చెప్పాడు. ఆమె దొర వంశాన్ని పేరుపేరునా తిట్టి, "నువ్వన్నది మంచిగనే ఉన్నది గని, ఇంకో ఇరవై ఏండ్లు సైరనేనాయె" అంది. అంబలి పోసింది. కొమురెల్లి రెండు గుక్కలు తాగి, గిన్నె దింపి, నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ముప్పై ఒకటి కాదు. ఒకటి మర్చిపోయిన!"

మర్నాడు డ్యూటీకి పోయేముందు పోస్టాఫీసులో కార్డు కొని, నిలబడే రాశాడు: 'సేఠ్‌కు నమస్కారం. ఎడమ తలుపు గడియ గూడ నేను చేసిందే. చోటు చాలక నంబరు కొట్టలేదు. పుస్తకంల ఎక్కించుకోగలరు. పాడైతే నన్నే అడుగుండ్రి.'

బొంబాయిలో తెలుగు ఎవరు చదువుతారని పోస్టుమాస్టరు నవ్వాడు.

"చదివేటోన్ని ఎతుక్కుంటడు" అని, కార్డు డబ్బాలో వేసి కొమురెల్లి సైకిలెక్కాడు.